పాటల పెట్టెకి చొక్కా

కాకినాడలో అమ్మమ్మ వాళ్ళింటి అటక దులుపుతుంటే తాతయ్య ట్రాన్సిస్టర్ దొరకలేదు. దాని చొక్కా మాత్రం దొరికింది. గోధుమరంగు తోలు కవరు, స్పీకర్ ఉండే చోట వరసగా చిల్లులు, వెనక రెండు టిచ్ బటన్లు, పొడుగాటి పట్టీ, లోపలంతా బూజు. "సైకిల్ హేండిల్‌కి తగిలించుకుని పొలం వెళ్ళేవారు రా మీ తాతయ్య. పడితే బద్దలైపోదూ?" అంది అమ్మమ్మ. గీతలు పడతాయన్న మాటే ఎత్తలేదావిడ. ఆ తేడా అక్కడే పట్టుకుంది నన్ను.

పోర్టబుల్ గ్రామఫోన్ల కాలంలో పెట్టె వేరు, తొడుగు వేరు కాదు. చెక్క మీద తోలులా కనిపించే గుడ్డ అంటించేవారు, అంతే. 1954లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే జేబు ట్రాన్సిస్టర్ వచ్చింది. ఒళ్ళు ప్లాస్టిక్, తోలు కవరు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. తోలే ఎందుకంటే, కెమెరాలకీ బైనాక్యులర్లకీ కవర్లు కుట్టే పనితనం అప్పటికే ఉంది. కొత్త మోడల్ వస్తే ప్లాస్టిక్‌కి ఖరీదైన అచ్చు చేయించాలి, తోలుకి కత్తిరింపు మారిస్తే చాలు. దెబ్బనీ అదే కాస్త మింగుతుంది. దాని శత్రువల్లా చెమ్మ.

తర్వాత రెగ్జిన్ వచ్చింది. గుడ్డకి పూత పూసి చేసిన తోలు వేషం. పీవీసీ పూత మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికొచ్చేస్తుంది. ముందు జిగురు, ఆ తర్వాత పగుళ్ళు. పాలీయూరిథేన్ పూతైతే గాలిలో తేమకే విరిగి పొట్టు రాలిపోతుంది. మన సముద్రపు ఊళ్ళలో దాని సంగతి చెప్పక్కర్లేదు.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక పట్టీ భుజం దిగి నడుముకి చేరింది. నాకు బాగా నచ్చింది మాత్రం 1983 నాటి పసుపుపచ్చ స్పోర్ట్స్ వాక్‌మన్. మూత అంచుకి రబ్బరు వేసి, నీళ్ళ తుంపర లోపలికి పోకుండా బిగించారు. చొక్కా తొడిగే బదులు చర్మాన్నే గట్టిచేశారన్నమాట.

2001లో ఐపాడ్ సరిగ్గా దీనికి ఎదురు. వెనక అద్దంలా మెరిసే స్టీలు. వేలు పెడితే మరక, తాళంచెవి తగిలితే గీత. భయం పడిపోవడం నుంచి గీతకి మారింది ఇక్కడే అనుకుంటాను. 2004లో ఆపిల్ వాళ్ళే అల్లిన సాక్సులు అమ్మారు: ఆరు రంగుల్లో ఆరు, 29 డాలర్లు. (జోక్ కాదు.) మరుసటేడు వచ్చిన నానో మీద తెగ గీతలు పడుతున్నాయని కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం, తొడుగు లేకుండా నానో కొన్నవాళ్ళకి 25 డాలర్లు, తొడుగుతో కొన్నవాళ్ళకి 15. అంటే ఆ చిన్న సంచీ విలువ 10 డాలర్లని లెక్క తేలిందన్నమాట!

ఇక సిలికాన్. అచ్చులో పోసి చేస్తారు, ఎండకీ చలికీ ఇట్టే మారదు, చేతిలోంచి జారదు. కానీ దుమ్ముని పిలిచి మరీ అంటించుకుంటుంది. కాలేజీ రోజుల్లో నా ఎంపీత్రీ ప్లేయర్‌కి నీలం సిలికాన్ కవరు తొడిగి, ఏడాదిపాటు తీయలేదు. తీసి చూస్తే వెనకంతా సాలెగూడులా సన్నటి గీతలు. లోపల ఇరుక్కున్న ఇసుకరేణువుల్ని నా జేబే రోజూ రుద్దింది. దేన్నుంచి కాపాడమని కొన్నానో ఆ పని కవరే చేసింది. గట్టి ప్లాస్టిక్ డిప్పలదీ ఇదే కథ. తాతయ్య తోలు మీద దెబ్బలన్నీ బయటే ఉన్నాయి. హేండిల్ ఒరిపిడి ఎక్కడో వేలితో చూపించొచ్చు.

పొడిగుడ్డతో బూజు తుడిచి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెడితే తోలు బిగుసుకుపోతుంది. ఇప్పుడు అమ్మమ్మ అందులో బీపీ మిషన్ పెట్టుకుంటోంది. పట్టీ ఒకచోట తెగింది గానీ, టిచ్ బటన్లు ఇంకా పడుతున్నాయి.