పట్టాలో పేరు, పటంలో వంశం

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే దొరుకుతుంది. అంతకు పైతరం, అంటే 19వ శతాబ్దం మనిషి ఎవరో తెలియాలంటే భూమి కాగితాలు తిరగేయాలి, కులకథ చెప్పేవారిని వెతకాలి.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చాలావరకు గుత్తేదార్ల చేతిలో ఉండేది. ఊరు ఎంత కట్టిందన్నదే ముఖ్యం. దున్నినవాడి పేరుతో సర్కారుకు పెద్దగా పనిలేదు. 1865 జిలాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి, జీతం మీద పనిచేసే అధికారులు వచ్చారు. 1870లలో సర్వే, బందోబస్తు మొదలయ్యాయి. అవి ఏ ఊరికి చేరితే ఆ ఊళ్లో ప్రతి చెలకకూ మడికీ ఒక నంబరు పడింది, దాని పక్కన పట్టాదారు పేరు ఎక్కింది. ఆ రికార్డే సేత్వార్. సామాన్య రైతు సర్కారు కాగితంలో పేరుగల మనిషిగా కనిపించింది ఇక్కడే. 1881 జనాభా లెక్కలు ఎంతమంది ఉన్నారో చెప్పాయి గాని, ఏ ఇంట్లో ఎవరున్నారో మనకు చెప్పవు.

వెతికేవారు దగ్గరి కాలం నుంచి వెనక్కి నడవాలి. 1954-55 ఖాస్రా పహాణీలో తాత పేరు పట్టుకుని, ఫైసల్‌పట్టీల్లో విరాసత్ (వారసత్వ) మార్పులు చూసుకుంటూ, సేత్వార్ దాకా పోవాలి. పాత కాగితాల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపాలి. 1300 ఫసలీ అంటే 1890-91. ఊరు ఎవరి కింద ఉండేదో కూడా ముందే తెలుసుకోవాలి. మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దాలోది, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ జిల్లాలోది. సర్ఫేఖాస్‌కు, జాగీర్లకు, నేరుగా సర్కారు కింద ఉండే దివానీకి వేర్వేరు దఫ్తర్లుండేవి. 1949లో సర్ఫేఖాస్ సర్కారులో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి.

అయితే పట్టా లేనివారి సంగతేమిటి? జీతగాళ్లు, వెట్టివాళ్లు, కూలీలు సేత్వార్‌లో లేరు. ఆడవాళ్ల పేర్లు అరుదు. వీరి చరిత్రకు ఆధారం కులకథ చెప్పే హక్కున్న మిరాశీ కులాల నోటిమాటే. మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు బొమ్మల పటం విప్పి కులం పుట్టుక, గోత్రాలు చెబుతారు. సర్కారు వదిలేసిన మనుషులను ఇలా పాటలో నిలిపినవారు పేద కళాకారులే. అందుకే వారి మాటను కట్టుకథ అని కొట్టిపారేయకూడదు. తేదీల కోసం కాగితాన్ని, బంధాల కోసం కథను అడగాలి.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ చెలకలు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు సేత్వార్ నకలును చాలామంది లింకు డాక్యుమెంటుగానే చూస్తున్నారు. రిజిస్ట్రేషన్ కోసం తీసిన ఆ నకలులోనే మన ఇంటి పెద్ద పేరు ఉంది. భూమి అమ్మినా ఆ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. పటం చెప్పేవారు ఊళ్లోకి వస్తే కూర్చోబెట్టి, వారికి ఇవ్వాల్సింది ఇచ్చి, చెప్పిందంతా రికార్డు చేసుకోవాలి. ఆ పని చేయగలిగిన తరం మనదే.