రైస్లిప్ శిస్తు ఎవరికి చేరింది?

మధ్యయుగ ఇంగ్లండ్ రాజులు ఫ్రెంచి మఠాల భూములను స్వాధీనం చేసుకున్న ఉదంతాన్ని దేశ సంపదను కాపాడుకున్న కథగా చెప్పడం పరిపాటి. కష్టం ఇంగ్లిషు రైతుది, శిస్తు పరాయి గడ్డ మీది మఠాధిపతిది, రాజు ఆ అన్యాయాన్ని ఆపాడు అన్నది ఆ కథ సారాంశం. నిజానికి రాజు శిస్తును సముద్రం దాటకుండా ఆపాడే గాని, ఊరు దాటకుండా ఆపలేదు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఆ చరిత్ర మనకు సగమే అర్థమవుతుంది.

1066లో ఫ్రాన్సులోని నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును జయించాక, అతని వెంట వచ్చిన ప్రభువులు తమకు దక్కిన భూముల్లో కొంతభాగాన్ని, చర్చికి చెల్లే పదోవంతు పంటను స్వదేశంలోని మఠాలకు రాసిచ్చారు. ప్రతిఫలంగా వాళ్లు కోరింది తమ ఆత్మల కోసం ప్రార్థనలు. లండనుకు పడమటనున్న రైస్లిప్ ఊరు ఎర్నల్ఫ్ అనే ప్రభువు దానంతో, 11వ శతాబ్దం చివర నార్మండీలోని బెక్ మఠానికి మాన్యమైంది. ఇలాంటి ఆస్తులను చూసుకోవడానికి వెలసిన శాఖామఠాల్లో కొన్ని నిండు మఠాలు. చాలావాటిలో ఉన్నది ఒకరో ఇద్దరో సన్యాసులు, వాళ్ల ముఖ్యమైన పని వసూళ్లు. ఇంగ్లండ్, నార్మండీ ఒకే రాజు కింద ఉన్నన్నాళ్లూ దీన్నెవరూ తప్పుపట్టలేదు. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకోవడంతో మాన్యం ఒక రాజ్యంలో, దాని యజమాని మరో రాజ్యంలో మిగిలారు.

ఫ్రాన్సుతో యుద్ధం రాగానే 1295లో మొదటి ఎడ్వర్డ్ ఈ ఆస్తులను స్వాధీనం చేసుకుని, తీరానికి దగ్గరలో ఉన్న ఫ్రెంచి సన్యాసులను లోపలి ప్రాంతాలకు తరలించాడు. విదేశీ మాతృమఠాలకు సొమ్ము పంపరాదని 1307 కార్లైల్ శాసనం నిషేధించింది. 1324లో, 1337లో, 1369లో మళ్లీ స్వాధీనాలు జరిగాయి. శత్రువుకు డబ్బు, సమాచారం చేరకుండా చూడటం ఏ రాజుకైనా తప్పనిసరి కదా అనవచ్చు. ఆ వాదనలో బలముంది. కానీ కట్టడి ఒక్కటే ఉద్దేశమైతే ఆదాయాన్ని ఊళ్లోనే ఆపి, అక్కడి చర్చికీ బీదలకూ ఖర్చుపెట్టించవచ్చు. రాజు చేసింది వేరు. అదే మఠాన్ని తరచుగా దాని పెద్దకే ఏటా ఇంతని గుత్తకిచ్చి, ఆ సొమ్ము ఖజానాకు జమ చేసుకున్నాడు. తరువాత కాలంలో ఆస్థానానికి దగ్గరివాళ్లూ గుత్తదారులయ్యారు. గడువు ముగిసేలోగా పిండుకోవాలనుకునేవాడికి కప్పు మరమ్మతులతో, ప్రార్థనలతో పనేముంది? దైవసేవ, దానధర్మాలు కుంటుపడ్డాయన్న ఫిర్యాదులు రాజు దాకా వెళ్లాయి. 1399లో నాలుగో హెన్రీ కొన్ని మఠాలను తిరిగి ఇచ్చేయడానికి ఒక కారణం అదే.

దూరాన ఉన్న భూస్వామి తీసుకోవడమే తప్ప ఇచ్చిందేమీ లేదు కాబట్టి అతన్ని తొలగించడం న్యాయమే అనేవారూ ఉన్నారు. బెక్ సన్యాసులు ధర్మప్రభువులని నేననను. వాళ్లూ రైతుల చేత వెట్టి చేయించుకున్నారు, జరిమానాలు వేశారు. అయినా వాళ్ల ఏలుబడిలో, 13వ శతాబ్దం చివర రైస్లిప్‌లో కట్టిన పెద్ద ధాన్యపు కొట్టం ఇప్పటికీ నిలిచి ఉంది. తరతరాలు ఆ భూమి తమదేనని నమ్మినవాళ్లు పెట్టిన ఖర్చది.

1414లో లెస్టర్‌లో కూడిన పార్లమెంటు ఈ ఆస్తులను శాశ్వతంగా రాజుపరం చేసింది. రైస్లిప్ అప్పటికే నాలుగో హెన్రీ కుమారుడు జాన్ చేతిలో ఉంది. 15వ శతాబ్దం మధ్యలో అది ఆరో హెన్రీ స్థాపించిన కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీకి దక్కింది. ఆ రాజే పెట్టిన ఈటన్ పాఠశాల కూడా ఇలాంటి మాన్యాలతోనే నిలదొక్కుకుంది. చదువుకు ఖర్చైన సొమ్ము వృథా కాలేదన్నది నిజం. అది గొప్ప ఫలితమే. అయితే రైస్లిప్ కౌలుదారుకు కేంబ్రిడ్జి కూడా దూరపు యజమానే, ఆ కాలేజీ 20వ శతాబ్దం దాకా అక్కడి భూస్వామిగా కొనసాగింది. పండించిన ఊరికి తన ఆదాయం మీద ఏ హక్కూ దక్కనప్పుడు, యజమానిని మార్చిన పాలకుణ్ణి ఆ ఊరి రక్షకుడని పిలవడం అన్యాయం.