అరకు కొండలు, కొరంగి ఓడలు, ఇద్దరు తెలుగమ్మాయిలు

మొన్న లాంగ్ వీకెండ్‌కి మా టీం అంతా అరకు వెళ్ళాం. అద్దాల బోగీలో టికెట్లు దొరికాయి కాబట్టి రైల్లోనే. 58 సొరంగాలు ఉంటాయంటే లెక్కపెడదామని మొదలుపెట్టి, ముప్ఫై దాటాక ఎవరి లెక్క వాళ్ళది అయిపోయి వదిలేశాం. దారిలో ఒక స్టేషన్లో మా బండిని పక్కన ఆపేసి, ఎదురుగా వచ్చే గూడ్సుకి దారిచ్చారు. ఎర్రటి ఇనుప ఖనిజం, వేగన్ తర్వాత వేగన్. "మనకన్నా రాళ్ళకే ఎక్కువ ప్రయారిటీ ఏంట్రా" అని మావాడొకడు గొణిగాడు. నిజానికి ఆ లైను వేసిందే ఆ రాళ్ళ కోసం. బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఓడల్లో పంపడానికని 1960ల్లో ఈ కొండల్ని తొలిచారు. మనం టూరిస్టులం, తర్వాత వచ్చి చేరినవాళ్ళం.

పైన కాఫీ అమ్మే గిరిజన కుర్రాడితో మాట కలిపాను. విశాఖ ఎప్పుడైనా వెళ్ళావా అంటే, "ఒక్కసారి ఎల్లాను అన్నా, బీచ్ చూశాను, బెదురేసింది, వచ్చేశాను" అన్నాడు నవ్వుతూ. మావాళ్ళు కూడా నవ్వారు. నాకు మాత్రం ఆ మాట తిరుగు ప్రయాణం అంతా బుర్రలో తిరిగింది. ఈ కొండల సరుకు సముద్రం మీద అంత దూరం వెళ్తుంది కదా, ఈ మనుషులకి సముద్రంతో ఏ సంబంధమూ లేదా? అసలు మన తెలుగువాళ్ళకి సముద్ర ప్రయాణం అంటే ఏంటి? ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేస్తే తేలిన కథ ఇది.

కొండల్ని సముద్రంలోకి తీసుకెళ్ళే పని రైలు రాకముందే మొదలైంది. అరకు నుంచి కాదు, ఇదే తూర్పు కనుమల వరసలో ఇంకొంచెం దక్షిణాన, రంప, భద్రాచలం అడవుల నుంచి. అక్కడ కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదాట్లో వదిలితే కిందకి డెల్టా దాకా వచ్చేవి. అక్కడ నరసాపురం, మాధవాయపాలెం, కొరంగి.. అన్నీ ఓడలు కట్టే ఊళ్ళే. 1670ల్లో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు, నరసాపురం దగ్గర మంచి కలప, మంచి ఇనుము, పనితనం ఉన్న వడ్రంగులు దొరుకుతారనీ, ఇంగ్లీషువాళ్ళు కూడా అక్కడ ఓడలు కట్టించుకుంటారనీ రాసిపెట్టాడు. అంటే ఒకప్పుడు ఐరోపావాళ్ళు 'అవుట్‌సోర్స్' చేసింది మనకే అన్నమాట :)

ఇంకో విషయం. ఓడకి సరంగు, తండేలు, కలాసీ అన్న మాటలు మన తీరంలో ఇంకా బతికే ఉన్నాయి. తండేలు అంటే ఏంటో మొన్న 2025లో సినిమా వచ్చేదాకా మా బ్యాచ్‌లో సగం మందికి తెలీదు. విశాఖలో మూటలు మోసే మనిషిని కలాసీ అంటాం, ఆ మాట మొదట తెరచాపలు లాగినవాడిదని గుర్తు లేదు.

ఇక కొరంగి. కాకినాడ దగ్గర మడ అడవులు, చెక్క వంతెన, ఫొటోలు.. మనకి తెలిసిన కోరింగ ఇదే. కానీ బర్మాలోనూ, మారిషస్‌లోనూ తెలుగువాళ్ళకి పడిన పేరే 'కొరంగీ'. అంటే వాళ్ళ దృష్టిలో మన జాతి మొత్తానికి ఆ రేవు పేరే ఇంటిపేరు. బర్మాలో అది తిట్టుగా కూడా వాడారు. మా అమ్మమ్మ తన చిన్నప్పటి కబుర్లలో ఎవరైనా కనిపించకుండా పోతే "రంగం పోయాడు" అనేది. రంగం అంటే రంగూన్ అని నాకు ఇంజనీరింగ్ అయ్యాక గానీ వెలగలేదు. వాళ్ళ ఇంట్లోనే ఒక పెద్దాయన అలా ఓడెక్కి మళ్ళీ రాలేదట. పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు.

ఆ కొరంగిని సముద్రమే మింగింది. 1789 డిసెంబర్లో తుఫానుకి మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ఊడ్చేశాయి. 1839 నవంబర్లో మళ్ళీ ఉప్పెన. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి తుఫానుల లెక్కలన్నీ పోగుచేసి, 1789 కొరంగి ఉప్పెన గురించి కూడా రాసి, చుట్ట చుట్టుకున్న పాములా తిరిగే ఆ గాలికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆ మాట వచ్చింది. ప్రపంచమంతా వాడే మాట వెనక మన ఊరి శవాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు ప్రయాణానికి వద్దాం. 1834 సెప్టెంబర్ 10న కలకత్తాలో 36 మంది ఒక అగ్రిమెంటు మీద గుర్తులు పెట్టారు. అయిదేళ్ళు, నెలకి అయిదు రూపాయలు, పని మారిషస్ చెరుకు తోటల్లో. వాళ్ళెవరంటే చోటా నాగపూర్ కొండల మనుషులు. కంపెనీ కాగితాల్లో వాళ్ళ పేరు 'హిల్ కూలీ'లు. అంటే సముద్రం ఎన్నడూ చూడని కొండ మనుషులే ముందు ఓడెక్కారు! అట్లాస్ అనే ఓడ వాళ్ళని నవంబర్ 2న పోర్ట్ లూయీలో దించింది. తర్వాత 1843లో కొరంగి రేవు నుంచి 'కొరింగీ పాకెట్' అనే ఓడ తెలుగువాళ్ళని తీసుకెళ్ళింది. ఆ ఓడల మీద మొత్తం దాదాపు 4.5 లక్షల మంది భారతీయులు ఆ ద్వీపానికి చేరారు.

ఆ దారి ఎలా ఉండేదో ఒకసారి లెక్కేద్దాం (మన బుద్ధి ఎక్కడికి పోతుంది). కొరంగి నుంచి మారిషస్ సూటిగా సుమారు 2,700 నాటికల్ మైళ్ళు, అంటే 5,000 కిలోమీటర్లు. తెరచాప ఓడ గంటకి అయిదు మైళ్ళు ఆగకుండా నడిస్తే 23 రోజులు. కానీ ఓడ సూటిగా పోదు, ఆగకుండా అస్సలు పోదు. చలికాలంలో ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది, అక్కడిదాకా బానే ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోయే పట్టీ ఒకటుంది. అక్కడ చాపలు తడిగుడ్డల్లా వేలాడతాయి, ఎండ మండుతుంది, పీపాల్లో నీళ్ళు తగ్గుతుంటాయి, ఓడ కదలదు. అది దాటాక ఆగ్నేయ గాలి అందుకుంటుంది, ఎడమ పక్క నుంచి కొడుతుంది. ఇక దిగేదాకా ఓడ కుడివైపు వాలే ఉంటుంది. వాలిన నేల మీదే వంట, తిండి, వాంతులు, నిద్ర. ఇంత బియ్యం, ఇంత పప్పు, ఉప్పు, ఎండుచేప, కొలిచిన నీళ్ళు. కింది అంతస్తులో గాలి ఆడదు. కలరా వస్తే పక్కనున్న మనిషిని తెల్లారేసరికి సముద్రానికి ఇచ్చేయడమే. ఎటు వెళ్తున్నామో, ఎన్ని రోజులో సరంగుకి తెలుసేమో గానీ వీళ్ళకి తెలీదు.

ఇదంతా పాత కథ, ఇంజన్లు వచ్చాక తెరచాప పోయింది అనుకుంటే.. ఇక్కడే నాకు నచ్చిన మలుపు ఉంది.

2017 సెప్టెంబర్ 10. (తేదీ చూశారుగా, కాకతాళీయమే.) గోవా నుంచి నౌకాదళం వాళ్ళ ఐఎన్ఎస్‌వీ తారిణి బయల్దేరింది. గోవాలోనే కట్టిన తెరచాప పడవ, పొడవు 55 అడుగులు, మన ఆర్టీసీ బస్సులు రెండు కంటే తక్కువ. అందులో ఆరుగురు అమ్మాయిలు, భూమిని చుట్టి రావాలని. కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళు: విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఐశ్వర్య నౌకల డిజైన్ చదివిన ఇంజనీరు. మన జాతే!

అలాంటి పడవలో బతుకు గురించి కాస్త చెప్పాలి. స్టీరింగ్ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరుండాలి, కాబట్టి వంతులు. అర్ధరాత్రి వంతుకి లేవడం అంటే మన నైట్ షిఫ్ట్ లాంటిది కాదు, కేబ్ రాదు, తడి బట్టల్లోకే మళ్ళీ దూరాలి. డెక్ మీదకి వస్తే నడుముకి తాడు తగిలించుకోవాలి. చీకట్లో పడిపోతే వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పొయ్యి ఊయల్లా వేలాడుతుంది, పడవ ఎటు వాలినా గిన్నె నిటారుగా ఉండాలని. పడుకుంటే దొర్లిపోకుండా మంచానికి గుడ్డ అడ్డం. మంచినీళ్ళు సముద్రపు నీళ్ళ నుంచి తీసుకోవాలి, మిషను మొరాయిస్తే వానే దిక్కు. ఏదైనా విరిగితే ఫోన్ చేయడానికి సపోర్ట్ టీం లేదు, ఉన్న పనిముట్లతో మీరే బాగుచేసుకోవాలి.

ఆ యేడు దీపావళి వాళ్ళకి హిందూ మహాసముద్రం నడిమధ్యలో అయింది. డిసెంబర్లో న్యూజీలాండ్ నుంచి బయల్దేరి, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ చేరేదాకా దాదాపు 41 రోజులు నేల కనపడని పరుగు. ఆ దక్షిణ సముద్రంలో పది మీటర్ల దాకా అలలు లేచాయి, మూడంతస్తుల మేడంత. ఇక్కడ మనం సంక్రాంతికి ఊళ్ళో గొబ్బెమ్మలు చూసుకుంటూ గారెలు తింటున్నప్పుడు, ఆ ఇద్దరూ కేప్ హార్న్‌కి నాలుగైదు రోజుల దూరంలో చలికి వణుకుతూ చుక్కాని పట్టుకుని ఉన్నారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. 2018 మే 21న గోవా చేరారు.

అయితే నా కథకి కావాల్సింది దానికి ఒక నెల ముందు జరిగింది. కేప్ టౌన్ నుంచి వస్తుంటే స్టీరింగ్ దెబ్బతింది. ప్లాన్‌లో లేని ఆగుడు తప్పలేదు. ఎక్కడ ఆగారో తెలుసా? పోర్ట్ లూయీ! అట్లాస్ దిగిన రేవు, కొరంగి ఓడ దిగిన రేవు. కూలీలు నడిచెక్కిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఇప్పటికీ ఆ రేవులోనే ఉన్నాయి. 2006లో యునెస్కో వాళ్ళు వారసత్వ స్థలంగా గుర్తించారు. ఉగాదికి దేశమంతా సెలవిచ్చే ద్వీపం అది. అదే ఊరికి, 175 ఏళ్ళ తర్వాత, ఇద్దరు తెలుగమ్మాయిలు తెరచాప పడవలోనే వచ్చారు. ఈసారి చుక్కాని వాళ్ళ చేతిలో ఉంది. ఎటు వెళ్తున్నారో వాళ్ళకి తెలుసు.

నా మొదటి ఉద్యోగంలో రెండేళ్ళ బాండు రాయించుకున్నారు. అప్పట్లో "మేం కూడా గిర్మిటియాలమే" అని జోకులేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ జోకు వెయ్యబుద్ధి కావడం లేదు. బాండు తెంచుకుంటే నాకు పోయేది యాభై వేలు. వాళ్ళకి పోయింది ఊరు, పేరు, తిరుగుదారి. ఆన్‌సైట్ వెళ్ళిన మొదటి తరం మనమే అన్న గర్వం మాత్రం కాస్త తగ్గించుకోవచ్చు. మనకన్నా చాలా ముందు వెళ్ళినవాళ్ళున్నారు, రిటర్న్ టికెట్ లేకుండా.

ఇంకోటి కూడా మింగుడుపడలేదు. ఓడలకి టేకు ఇచ్చిన కొండల్లోనే 1882 అడవి చట్టం తర్వాత పోడు కొట్టుకోవడం నేరమైంది. ఖనిజం దిగిన దారిలో ఆ కాఫీ కుర్రాడు ఒక్కసారే దిగాడు, బెదిరి వెనక్కొచ్చేశాడు. మళ్ళీ అరకు వెళ్తే అతనికి ఆ 36 మంది కొండ మనుషుల సంగతి చెప్పాలి. సముద్రాన్ని చూసి వాళ్ళూ బెదిరే ఉంటారు. కాకపోతే వెనక్కి వచ్చేసే వీలు అతనికి ఉంది, వాళ్ళకి లేదు.