మెకానికల్ కీబోర్డు స్విచ్‌లు

ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్ ఉన్న కీబోర్డును మెకానికల్ కీబోర్డు అంటారు. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, అందులో పైకీ కిందికీ కదిలే కాడ, దాన్ని వెనక్కి నెట్టే స్ప్రింగు, విద్యుత్తును కలిపే లోహపు రేకులు ఈ స్విచ్‌లో సాధారణంగా ఉండే ప్రధాన భాగాలు. చవక కీబోర్డుల్లో వీటి స్థానంలో మీటలన్నిటికీ కలిపి ఒకే రబ్బరు పొర ఉంటుంది. 1970–90 మధ్య తయారైన పాత కీబోర్డుల్లో ఏ స్విచ్ ఉందో పోల్చుకోవడం, దాని స్పర్శనూ చప్పుడునూ ఆస్వాదించడం నేడు ప్రపంచమంతటా ఒక అభిరుచి. తెలుగు పట్టణాల టైపు ఇన్‌స్టిట్యూట్లలో, డీటీపీ సెంటర్లలో పనిచేసినవారికి ఆ స్విచ్‌ల పేర్లు తెలియకపోయినా ఈ విద్య మాత్రం అలవాటే.

తొలి దశ

క్రిస్టఫర్ షోల్స్, ఆయన సహచరులు 1868లో టైపురైటరుకు పేటెంటు పొందారు. ఆ యంత్రంలో మీట నేరుగా అచ్చుకడ్డీని లేపేది కాబట్టి స్విచ్‌తో పని ఉండేది కాదు. టెలిప్రింటర్లతో మీటకు విద్యుత్తు తోడైంది. 1968లో హనీవెల్ సంస్థకు చెందిన మైక్రో స్విచ్ విభాగం హాల్ ప్రభావంపై ఆధారపడిన కీబోర్డును తెచ్చింది. అందులో లోహపు రేకులు ఒకదానికొకటి తగిలే పనే లేదు. కాడకు బిగించిన అయస్కాంతం దగ్గరకు రాగానే చిప్ దాన్ని పసిగడుతుంది. రేకుల ఒరిపిడి లేనందువల్ల ఆ స్విచ్‌లు అసాధారణంగా మన్నేవి.

ఐబీఎం స్ప్రింగులు (1981–1991)

ఈ చరిత్రలో అత్యంత ఫలవంతమైన దశకం ఇదే. 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో 83 మీటల ‘మోడల్ ఎఫ్’ కీబోర్డు ఇళ్లకూ ఆఫీసులకూ చేరింది. అందులోని వంగే స్ప్రింగు రిచర్డ్ హంటర్ హారిస్ ఆవిష్కరణ. మీట నొక్కుతుంటే స్ప్రింగు కొంతవరకు అణిగి, ఒక దశలో ఉన్నట్టుండి పక్కకు వంగి గొట్టపు గోడను కొడుతుంది. అదే క్షణంలో అడుగున ఉన్న చిన్న రేకు వాలి అక్షరం పడుతుంది. వేలికి తెలిసేదీ, చెవికి వినబడేదీ, తెరపై పడేదీ ఒకే క్షణంలో జరగడం ఈ అమరిక గొప్పతనం.

1985లో వచ్చిన ‘మోడల్ ఎమ్’ ఇదే స్ప్రింగును పొరతో చేసిన సర్క్యూటుపై నిలిపి ఖర్చు తగ్గించింది. రెండు కిలోలు దాటే బరువు, 101 మీటలు, అడుగున తయారీ తేదీ ముద్రించిన చీటీ దాని ఆనవాళ్లు. ‘1391401’ అనే భాగం సంఖ్య సేకర్తలందరికీ కంఠస్థం. 1991లో ఐబీఎం ఈ విభాగాన్ని విడదీయగా లెక్స్‌మార్క్ ఏర్పడింది. 1996లో ఆ పనిముట్లతోనే యూనికాంప్ మొదలై నేటికీ అవే స్ప్రింగులతో కీబోర్డులు చేస్తోంది.

చెర్రీ, ఆల్ప్స్

వాల్టర్ చెర్రీ 1953లో అమెరికాలో స్థాపించిన సంస్థ 1980ల తొలినాళ్లలో జర్మనీలోని తన శాఖ ద్వారా ‘ఎమ్మెక్స్’ స్విచ్‌ను తెచ్చింది. మీట మొత్తం 4 మి.మీ. దిగుతుంది, సుమారు సగం దూరంలోనే అక్షరం పడుతుంది. రకాన్ని కాడ రంగు చెబుతుంది. నలుపు అడ్డు లేకుండా నునుపుగా దిగుతుంది. గోధుమరంగుది మధ్యలో చిన్న గతుకు దాటుతుంది. నీలం గతుకుతోపాటు టిక్కుమంటుంది. నీలంలో కాడ రెండు ముక్కలు: నీలి కాడ చుట్టూ తెల్లని తొడుగు ఉంటుంది. గతుకు దాటగానే ఆ తొడుగు చటుక్కున కిందికి జారి అడుగును కొడుతుంది. టిక్కు అక్కడిదే.

1948లో టోక్యోలో ప్రారంభమైన ఆల్ప్స్ సంస్థ స్విచ్‌లు స్పర్శలో చెర్రీకంటే మెరుగని చాలామంది భావన. 1987 నాటి యాపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డులో వాడినవి ఇవే. టిక్కుమనే ఆల్ప్స్ రకాల్లో జారే తొడుగు ఉండదు. పలుచని రేకు ఒకటి డబ్బీ గోడకు తగిలి మోగుతుంది. దుమ్ము వీటి బలహీనత. పొడి చేరితే కాడ గరగరమంటుంది, తొలినాటి నునుపు మళ్లీ రావడం కష్టం. మంచిర్యాల, గోదావరిఖని వంటి బొగ్గు పట్టణాల గాలికి ఇవి తగినవి కావు.

గుర్తించే పద్ధతి

కీబోర్డు మీది పేరు స్విచ్ గురించి ఏమీ చెప్పదు. ఒకే కంపెనీ ఒకే నమూనాలో ఏటికో రకం స్విచ్ వాడిన సందర్భాలు అనేకం. కాబట్టి మీట టోపీని ఊడదీసి చూడటమే మొదటి పని. కాడ పైన కూడిక గుర్తు ఆకారం ఉంటే చెర్రీ లేదా దాని అనుకరణ. సన్నని దీర్ఘచతురస్రం ఉంటే ఆల్ప్స్ వర్గం. గొట్టంలో నిలబడిన స్ప్రింగు కనిపిస్తే ఐబీఎం. రబ్బరు బుడిపె ఉంటే అది మెకానికల్ కాదు. అయితే కూడిక గుర్తు ఒక్కదాన్నే నమ్మకూడదు. కొన్ని రబ్బరు కీబోర్డులూ అదే ఆకారం పెట్టుకున్నాయి. డబ్బీ మీద అచ్చుపోసిన పేరు కూడా చూడాలి. రంగు కూడా కంపెనీ తెలిశాకే పనికొస్తుంది: చెర్రీ నీలం, ఆల్ప్స్ నీలం వేర్వేరు స్విచ్‌లు.

అనుభవజ్ఞులు టోపీ తీయకముందే సగం తేల్చుకుంటారు. బొగ్గు బాయిలో సర్దారు కర్రతో పైకప్పును తట్టి, గట్టి మోతను బట్టి బండ పట్టుగా ఉందని, డొల్ల మోతను బట్టి వదులైందని గ్రహించినట్టే ఇదీ చెవి విద్య. ఐబీఎం స్ప్రింగు కంగుమని కాసేపు మోగుతుంది. చెర్రీ నీలం మోత పలుచన, ఆల్ప్స్ మోత బరువు.

తెలుగు నేలపై

దేశంలో తొలి టైపురైటర్లను గోద్రెజ్ 1955లో తయారుచేసింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చాక కార్యాలయాల్లో తెలుగు యంత్రాలకూ గిరాకీ కలిగింది. సింగరేణి పట్టణాలతో సహా ఊరూరా వెలసిన ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలకు తయారైనవారి వేళ్లు లోతుగా, బలంగా దిగడానికి అలవాటుపడ్డాయి. కంప్యూటర్లు వచ్చాక మెత్తని రబ్బరు మీటలు ఆ వేళ్లకు సరిపడలేదు.

ఆ లోటు తీర్చింది ‘టీవీఎస్ గోల్డ్’. చెర్రీ నీలం స్విచ్‌లతో వచ్చిన ఈ కీబోర్డు దేశంలో లక్షణమైన మెకానికల్ కీబోర్డుగా దీర్ఘకాలం నిలిచింది. బ్యాంకు కౌంటర్లలో, రైల్వే రిజర్వేషను కిటికీల వెనుక, డీటీపీ సెంటర్లలో వినిపించిన టకటక ఎక్కువగా దీనిదే. రూపాయి గుర్తు 2010లో ఖరారయ్యాక ఆ గుర్తుతో ‘గోల్డ్ భారత్’ కూడా వచ్చింది.

తెలుగు టైపింగుకు దృఢమైన మీటలు అవసరం కావడానికి లిపి కూడా ఒక కారణం. 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని విడివిడిగా కొడితే ఆరు మీటలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అను ఫాంట్ల యాపిల్, మాడ్యులర్ అమరికల్లో వత్తులకూ గుణింతపు ముక్కలకూ వేరు మీటలుండటంతో షిఫ్టు మీట తరచు వాడాలి. శుభలేఖలు, కరపత్రాలు, దరఖాస్తులు రోజంతా కొట్టే ఆపరేటరు అక్షరం పడిందా లేదా అని ప్రతిసారీ తెర చూడలేడు. టిక్కు వినబడితే పడినట్టు. ఎమ్మెక్స్ పేరు తెలియకుండానే గోల్డ్‌నే అడిగి కొనుక్కోవడం వెనుక ఉన్న లెక్క ఇదే.

క్షీణత, పునరుద్ధరణ

1990లలో కంప్యూటరు ధరలు పడిపోవడంతో తయారీదారులు మొదట కీబోర్డు ఖర్చునే కోశారు. రబ్బరు పొర రాజ్యమేలింది. 2000 తరువాత వీడియో గేములు ఆడేవారు, ప్రోగ్రామర్లు మళ్లీ మెకానికల్ వైపు మళ్లారు. చెర్రీ పేటెంట్ల గడువు ముగిశాక గేటరాన్, కైల్, ఔటెము వంటి చైనా సంస్థలు అదే ఆకారంలో స్విచ్‌లు చేస్తున్నాయి. మరోవైపు టైపురైటరు కాలం ముగిసింది: గోద్రెజ్‌లో వాటి తయారీ 2009లో ఆగిపోయింది.

ఆస్వాదన

స్విచ్ నాణ్యతను మూడు గుణాలతో కొలుస్తారు: దిగేటప్పటి నునుపు, గతుకు ఎంత స్పష్టంగా తెలుస్తుందన్నది, చప్పుడు తీరు. పాతబడినవాటిలో తరచు కనిపించే లోపం ఒక్కసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడటం. లోపలి రేకుల మధ్య మురికి చేరడం, తుప్పు పట్టడం అందుకు కారణాలు. శుభ్రపరిస్తే చాలావరకు బాగవుతుంది. కాకుంటే ఆ ఒక్క స్విచ్‌ను టంకం కరిగించి తీసి మార్చవచ్చు. రబ్బరు పొర చిరిగితే మొత్తం కీబోర్డునే పారేయాలి. మూతబడిన డీటీపీ సెంటరు సామాను పాత ఇనుము దుకాణానికి చేరే ముందు ఒక్క మీట టోపీ లాగి చూడటం మంచిది. నీలి కాడ కనిపిస్తే అది తూకానికి అమ్మవలసిన వస్తువు కాదు.