గైడు గురించి ఎవరు రాస్తారు?

సౌదీ అరేబియాలోని అసీర్ ప్రాంతంలో గురువారం సంత చుట్టూ పెరిగిన ఊరు ఖమీస్ ముషైత్. ఇక్కడి డిగ్రీ విద్యార్థి పైచదువు అనుకోగానే పక్కనున్న అభా వైపు చూస్తాడు. అసీర్‌లోని రెండు పాత విశ్వవిద్యాలయాల శాఖలను కలిపి 1998లో ఏర్పాటు చేసిన కింగ్ ఖాలిద్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది.

విశ్వవిద్యాలయాలు రాకముందు ఈ నేలమీద చదువు దారి వేరు. శిష్యుడే గురువును వెతుక్కుంటూ వెళ్లేవాడు. గ్రంథాన్ని ఆయన ఎదుట చదివి, దాన్ని బోధించే అనుమతి, అంటే ఇజాజా, పొందేవాడు. అందులో ముఖ్యం గురువు పేరే. ఎవరి దగ్గర ఏం చదివాడో ఆ శిష్యుడే తర్వాత గ్రంథస్థం చేసేవాడు. పొరుగున ఉన్న యెమెన్‌లో, 1834లో కన్నుమూసిన సనా పండితుడు అల్ షౌకానీ రాసిన ‘ఇత్హాఫ్ అల్ అకాబిర్’ అలాంటిదే.

విశ్వవిద్యాలయం వచ్చాక కలం చేతులు మారింది.

1990లలో వచ్చిన సౌదీ ఉమ్మడి పీజీ నియమావళి ప్రకారం, ప్రతి సెమిస్టర్ చివర గైడు తన విద్యార్థి పురోగతిపై నివేదిక రాయాల్సి ఉండేది. అది విభాగాధిపతికి చేరేది, ఒక ప్రతి పీజీ డీన్‌కు వెళ్లేది. గైడు వారానికోసారైనా కలిశాడా, ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్లకు దిద్దాడు అన్నవి ఆ కాగితంలో కనిపించేవి కావు. అమ్మాయిల కష్టం మరీ ఎక్కువ. పురుష అధ్యాపకుడి పాఠం క్లోజ్డ్ సర్క్యూట్ టీవీలో చూసి, సందేహాన్ని ఫోన్‌లో అడిగిన తరాలు అక్కడ ఉన్నాయి.

మన దగ్గరా పెద్ద తేడా లేదు. యూజీసీ 2016 నిబంధనలు ఒక ప్రొఫెసర్ కింద పీహెచ్‌డీ విద్యార్థులు 8 మందికి మించకూడదన్నాయి. ఆరు నెలలకోసారి సలహా సంఘం ముందు ప్రగతి చూపాల్సింది మాత్రం విద్యార్థే.

బ్రిటన్‌లో 2007 నుంచి పరిశోధక విద్యార్థులనే అడిగే సర్వే నడుస్తోంది. గైడుకు విషయం తెలుసా, తరచూ అందుబాటులో ఉంటాడా, ఆయన సూచనలు పనికొస్తున్నాయా అని నేరుగా అడుగుతారు. సౌదీలోనూ 2004లో ఏర్పడిన జాతీయ గుర్తింపు సంస్థ కోర్సులపై విద్యార్థుల అభిప్రాయ సేకరణను అలవాటు చేసింది. కానీ నలుగురే పరిశోధకులున్న విభాగంలో పేరు రాయకపోయినా మనిషి తెలిసిపోతాడు. సంతకం కోసం రేపు ఆ గైడు దగ్గరికే వెళ్లాలి. అందుకే ఈ జవాబులను విభాగంలో కాక డీన్ కార్యాలయంలోనే తీసుకోవాలి, పట్టా చేతికొచ్చాక మరోసారి అడగాలి.