కేరళ వరిపొలముల సంరక్షణము

కేరళ రాష్ట్రమున వరిపొలములు అన్యోపయోగములకు మాఱకుండ కాపాడుటకును, వానిని సాగుచేయువారికి ప్రభుత్వము చేయూతనిచ్చుటకును క్రమముగా ఏర్పడిన శాసనముల, పథకముల సముదాయము. 1974–75లో దాదాపు 8.8 లక్షల హెక్టార్లలో పండిన వరి 2008 నాటికి సుమారు 2.3 లక్షల హెక్టార్లకు కుదించుకొనిపోయెను. ఆ లోటును పూరించినవారిలో మన గోదావరి తీరపు రైతులును గలరు. 'ఆంధ్ర జయ' బియ్యము పేరెఱుగని మలయాళీ గృహిణి అరుదు.

ఈ క్షయమునకు భూస్వాముల దురాశయే కారణమనుట న్యాయము కాదు. కూలిరేట్లు పెరిగినంతగా ధాన్యపు వెల పెరుగకపోవుట, కొబ్బరియు రబ్బరును అధికలాభము చూపుట, గల్ఫు దేశములనుండి వచ్చిన ధనము గృహనిర్మాణమునకు మరలుట, ఇటుకబట్టీలకై మట్టి త్రవ్వుట, ఇవన్నియు ఏకమైనవి. అయినను వరిచేను ఒంటిగా బ్రతుకునది కాదు. సముద్రమట్టమునకు దిగువనున్న కుట్టనాడు పొలములలో, ఒకే గట్టులోపలి రైతులందఱు 'పాడశేఖరము' అను సంఘముగా కూడి నీటిని తోడి వెలికి పోసిననేగాని విత్తనము పడదు. నడుమ నొకడు తన కమతమును పూడ్చినచో లాభము వానిది, నీరు నిలిచిన నష్టము ఇరుగుపొరుగులది. ప్రభుత్వము జోక్యము చేసికొనుటకు ఇంతకంటె బలమైన హేతువు వెదకనక్కఱలేదు.

నిత్యావసర వస్తువుల శాసనము ననుసరించి 1967లో వెలువడిన భూవినియోగపు ఉత్తర్వు, ఆహారపుపంట భూములను కలెక్టరు అనుమతిలేక మార్చరాదని విధించినను, పూడికలను ఆపజాలకపోయెను. 1997లో వ్యవసాయకార్మిక సంఘమువారు వి.ఎస్. అచ్యుతానందన్ నాయకత్వమున, వరిపొలములలో నాటిన ఇతర పైరులను నఱికివేయు ఉద్యమమును నడపిరి. ఎదిగిన పైరును నఱకుట పలువురికి రోత పుట్టించినను, సమస్య శాసనసభ గడప తొక్కుటకు అదియు ఒక కారణమయ్యెను. ఆయనయే ముఖ్యమంత్రిగానుండగా 2008లో వరిపొలముల, చిత్తడినేలల సంరక్షణ శాసనము వచ్చెను. వేరు స్థలములేని రైతు గ్రామములో 10 సెంట్లు, పట్టణములో 5 సెంట్లు మించకుండ ఇల్లు కట్టుకొనుటకు స్థానిక సమితి సిఫారసుపై అనుమతి పొందవచ్చును. ప్రజాహిత కార్యములకు మినహాయింపు కలదు. తక్కిన మార్పులు నిషిద్ధములు. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, గ్రామాధికారి, రైతుల ప్రతినిధులు గల ఆ సమితియే పొలముల పట్టికను సిద్ధపఱుపవలెను. బీడుపెట్టిన చేలను ఇతరులచే సాగుచేయించు అధికారమును శాసనము కల్పించినది.

2018 నాటి సవరణ, 2008కి పూర్వమే పూడ్చబడి పట్టికకెక్కని భూములను రుసుము గైకొని క్రమబద్ధము చేయుటకు ద్వారము తెఱచెను. పట్టికలే తప్పుల తడకలైనచోట ఈ ద్వారము వెడల్పెంతయో చెప్పనేల!

నిషేధము మాత్రమే నాగలిని నడపజాలదు గనుక పోషణపథకములును వచ్చినవి. పౌరసరఫరాల సంస్థ కేంద్రము నిర్ణయించిన కనీస మద్దతు ధరకు రాష్ట్రపు అదనపు మొత్తమును చేర్చి ధాన్యమును కొనుచున్నది. కుటుంబశ్రీ మహిళాబృందములు బీళ్లను సాగులోనికి తెచ్చినవి. 2020లో, వరిచేనును మార్చకుండ నిలిపిన యజమానికి హెక్టారునకు ఏటా 2,000 రూపాయల పారితోషికము ప్రారంభమాయెను. కాని భూసంస్కరణలవలన కౌలు శాసనవిరుద్ధమైన ఆ రాష్ట్రమున, కుట్టనాడు, పాలక్కాడులలో వాడుక ఒప్పందములపై దున్నుచున్న కౌలుదారునకు యజమానుల కొఱకైన ఆ పారితోషికములో వాటా లేదు.