పైలట్ లేని విమానం: భద్రతా పద్ధతుల చరిత్ర

పైలట్ నడిపే విమానంలో ఇంజన్ ఆగిపోతే, అప్పటికప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవడానికి లోపల ఒక మనిషి ఉంటాడు. ఎవరూ ఎక్కని విమానానికి ఆ వీలు లేదు. రేడియో సిగ్నల్ అందినంతసేపే అది కింద ఉన్నవారి మాట వింటుంది. సిగ్నల్ తెగితే, బయల్దేరే ముందు ఏం నేర్పి పంపారో అదే చేస్తుంది. అందుకే డ్రోన్ల భద్రత చరిత్ర రెండు పాయలుగా సాగింది. ఎగరేసే ముందు జరిపే తనిఖీ ఒకటి, గాలిలో ఆపద వస్తే యంత్రం తనంతట తాను చేయాల్సిన పని రెండోది. మొదటిది మామూలు విమానాల నుంచి వచ్చింది. రెండోది పైలట్ లేని విమానాలతోనే పుట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918లో, అమెరికాలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ బృందం ‘కెటరింగ్ బగ్’ అనే చిన్న విమానాన్ని తయారుచేసింది. అది నిజానికి రెక్కలున్న బాంబు. దాన్ని వదిలే ముందు గాలి వేగం, దిశ, లక్ష్యం ఎంత దూరమో చూసి, అక్కడికి చేరేలోగా ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో లెక్కకట్టేవారు. లెక్క పూర్తి కాగానే ఇంజన్ ఆగి, రెక్కలు ఊడి, మొండెం కింద పడేలా అమర్చారు. ఒకసారి వదిలాక దిద్దుకునే దారి లేదు. లెక్క తప్పితే బాంబు ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. పరీక్షల్లో విఫలమైనవే ఎక్కువ. యుద్ధంలో వాడే అవసరం రాకముందే యుద్ధం ముగిసింది.

1935లో బ్రిటన్ ఎగరేసిన ‘క్వీన్ బీ’ మళ్లీ మళ్లీ వాడుకోవడానికి చేసింది. ఫిరంగి దళాలు గురి చూసి కాల్చడం నేర్చుకోవడానికి టైగర్ మాత్ అనే శిక్షణ విమానం నుంచి దాన్ని రూపొందించారు. కింద ఉన్న మనిషి టెలిఫోన్‌ డయల్ లాంటిది తిప్పుతూ రేడియోలో ఆదేశాలు పంపేవాడు. దించేటప్పుడు సాయంగా విమానం కింద ఒక ఏరియల్ తీగ వేలాడేది. దాని కొస నేలకో నీటికో తగలగానే ఇంజన్ ఆగి, ముక్కు పైకి లేచి, విమానం దిగేది. దిగడంలోని చివరి క్షణాల పనిని మనిషి చేతి నుంచి యంత్రానికి అప్పగించిన తొలి ఏర్పాట్లలో ఇదొకటి.

మొదటి పాయకు గుణపాఠం మనుషులు నడిపే విమానంలో దొరికింది. అదే ఏడాది అక్టోబర్ 30న డేటన్‌లోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే నాలుగు ఇంజన్ల బాంబర్ లేచీ లేవగానే నిటారుగా ఎగబాకి, పట్టు తప్పి కూలి కాలిపోయింది. నడుపుతున్న మేజర్ ప్లోయర్ హిల్, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ చనిపోయారు. యంత్రంలో లోపమేమీ లేదు. నిలిపి ఉంచినప్పుడు రెక్కల, తోక పలకలు గాలికి కొట్టుకోకుండా వేసే తాళాన్ని తీయడం మరిచిపోయారు. ఆరితేరిన పైలట్‌కే ఇలా జరిగిందంటే జ్ఞాపకాన్ని నమ్ముకుని లాభం లేదని సైన్యానికి అర్థమైంది. టేకాఫ్‌కు ముందు, గాలిలో, దిగే ముందు, దిగాక చూడాల్సినవి కాగితం మీద రాసి, వరుసగా చదువుతూ చేయడం అలవాటు చేశారు. ఆ విమానమే తర్వాత బీ-17గా పేరు పొందింది. చెక్‌లిస్ట్ విమానయానమంతటా పాకింది.

రెండో పాయకు పెద్ద గుణపాఠం 1956 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో దొరికింది. పాయింట్ ముగూ నౌకాదళ స్థావరం నుంచి క్షిపణి పరీక్షకు లక్ష్యంగా పంపిన హెల్‌క్యాట్ డ్రోన్ ఆదేశాలు వినడం మానేసి లాస్ ఏంజిలిస్ వైపు తిరిగింది. దాన్ని కూల్చడానికి రెండు స్కార్పియన్ యుద్ధ విమానాలు వెళ్లి, ఉన్న 208 రాకెట్లూ పేల్చాయి. ఒక్కటీ తగల్లేదు. డ్రోన్ ఇంధనం అయిపోయి పామ్‌డేల్ దగ్గరి ఎడారిలో దానంతట అదే కూలింది. రాకెట్లు పడ్డ చోటల్లా మంటలు లేచి దాదాపు 1,000 ఎకరాలు తగలబడ్డాయి. 500 మంది రెండు రోజులు శ్రమించి ఆర్పారు. ఎవరి ప్రాణమూ పోలేదు. జరిగిన నష్టంలో ఎక్కువ భాగం డ్రోన్ వల్ల కాదు, దాన్ని ఆపబోయిన ప్రయత్నం వల్ల. చెప్పిన మాట వినని విమానాన్ని ఏం చేయాలో అది ఎగరక ముందే తేల్చుకోవాలన్నది ఇందులోని పాఠం.

ఈ రెండు పాయలూ 2006 ఏప్రిల్ 25 తెల్లవారుజామున అరిజోనాలోని నోగాలెస్ దగ్గర కలిశాయి. సరిహద్దు గస్తీలో ఉన్న ప్రిడేటర్-బి డ్రోన్‌ను నడిపే గదిలో ఒకేలాంటి రెండు కన్సోళ్లు ఉన్నాయి. ఒకటి పైలట్‌ది, రెండోది కెమెరా చూసే మనిషిది. పైలట్ కన్సోల్ స్తంభించడంతో అదుపును రెండోదానికి మార్చారు. అక్కడి ఒక లివర్ అప్పటిదాకా కెమెరాకు చేరే వెలుతురును సర్దడానికి వాడింది. కన్సోల్ పైలట్ చేతికి రాగానే అదే లివర్, అదే స్థానంలో, ఇంజన్‌కు ఇంధనం ఆపేసేదిగా మారింది. మార్చే ముందు రెండు వైపులా లివర్లు ఒకే స్థానంలో ఉన్నాయో లేదో చూడాలని చెక్‌లిస్ట్‌లో ఉంది. ఆ పని జరగలేదు. ఇంజన్ ఆగింది. కారణం తెలియని పైలట్, సంబంధం తెగితే డ్రోన్ పైకి లేచి నిర్ణీత దారిలో తిరుగుతుందన్న నమ్మకంతో కింది ప్రసార పరికరాన్ని ఆపేశాడు. ఇంజన్ లేని విమానం పైకి లేవలేదు, కూలిపోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2007లో 22 సిఫార్సులు చేసింది.

2010 ఆగస్టులో ఫైర్ స్కౌట్ అనే నౌకాదళ డ్రోన్ హెలికాప్టర్ సిగ్నల్ తెగాక వెనక్కి రావలసింది పోయి, సాఫ్ట్‌వేర్ లోపంతో వాషింగ్టన్ చుట్టూ ఉన్న నిషిద్ధ గగనతలంలోకి దూరింది. అదుపు మళ్లీ దొరికాక క్షేమంగా దించారు. వెనక్కి రమ్మని రాసి ఉంచితే సరిపోదు, ఆ రాత పనిచేస్తుందో లేదో కూడా చూసుకోవాలని ఇది తేల్చింది.

ఈలోగా చిన్న డ్రోన్లు ఇళ్లలోకి వచ్చాయి. రెక్కల విమానం ఇంజన్ ఆగినా కొంత దూరం జారుతూ దిగగలదు. నాలుగు మోటార్ల డ్రోన్‌లో మామూలుగా ఒక్క మోటార్ ఆగినా తిరగబడి పడుతుంది. కాబట్టి లోపాలను నేల మీదే పట్టుకోవాలి. ఆర్డుపైలట్ వంటి సాఫ్ట్‌వేర్లు కంపాస్, జీపీఎస్ సరిగా లేకపోతే మోటార్లు తిరగనివ్వకుండా చేశాయి. చెక్‌లిస్ట్‌లో కొంత భాగం ఇలా యంత్రం చేతిలోకి వెళ్లింది. సిగ్నల్ పోతే బయల్దేరిన చోటికి తిరిగొచ్చే ‘రిటర్న్ టు హోమ్’ 2013లో వచ్చిన డీజేఐ ఫాంటమ్ డ్రోన్‌తో సామాన్యుల చేతికందింది. దానికీ ముందస్తు పని ఉంది. తిరిగొచ్చే ఎత్తును చుట్టుపక్కల చెట్ల కంటే, కరెంటు తీగల కంటే తక్కువగా పెడితే, కాపాడాల్సిన ఏర్పాటే డ్రోన్‌ను వాటికి గుద్దుతుంది.

ఈ అనుభవమే చట్టాలకెక్కింది. అమెరికాలో 2016 ఆగస్టులో అమలైన నిబంధనలు ఎగరేసే ముందు తనిఖీని తప్పనిసరి చేశాయి. ఆపద వేళ అవసరమైనంత మేరకు నియమం దాటవచ్చని కూడా ఒప్పుకున్నాయి. భారత్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014 అక్టోబర్‌లో పౌరుల డ్రోన్లను నిషేధించింది. 2018లో నిబంధనలు తెచ్చింది. 2021 ఆగస్టు 25న డ్రోన్ నిబంధనలు ప్రకటించారు. గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విడదీశారు. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక డిజిటల్ స్కైలో తెలపాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఆ సెప్టెంబర్‌లోనే తెలంగాణలోని వికారాబాద్‌లో మందులను డ్రోన్లతో పంపే ప్రయోగం మొదలైంది. కంటికి కనిపించనంత దూరం పోయే డ్రోన్‌కు సిగ్నల్ తెగితే ముందే రాసిన ఆదేశాలే దిక్కు.

నేటి పద్ధతి ఈ రెండు పాయల కలయికే. ఎగరేసే ముందు జోన్, వాతావరణం చూస్తారు. ప్రొపెల్లర్లకు పగుళ్లున్నాయా, బ్యాటరీ ఉబ్బిందా అని చూస్తారు. కంపాస్ సరిచేసి, బయల్దేరే చోటు నమోదైందని, తిరిగొచ్చే ఎత్తు సరిపోతుందని నిర్ధారించుకుంటారు. గాలిలో తేడా వస్తే ముందు మనుషులున్న వైపు నుంచి తప్పిస్తారు. జీపీఎస్ పోతే చేత్తో నడుపుతారు. బ్యాటరీ చాలకపోతే బయల్దేరిన చోటిదాకా లాగకుండా దగ్గర్లోని ఖాళీ చోట దించుతారు. దిగాక ఏం జరిగిందో రాసిపెడతారు, మరుసటి తనిఖీ దాంతోనే మొదలవుతుంది.